పాత గేమ్‌ల సేవ్ బ్యాకప్: ఏళ్లుగా వాడాక నా మాట

పాత గేమ్ కన్సోళ్ల సేవ్‌లు, అంటే ఆట ఎంతవరకు వచ్చిందో దాచుకున్న డేటా, కాపాడుకుందామని దాన్ని కంప్యూటర్‌లోకి తీసే రీడర్ కొనేవాళ్లు ముందు అడిగేది, "ఇది నా కార్ట్రిడ్జ్‌ని చదువుతుందా?" అని. దాదాపు అన్నీ చదువుతాయి. బయటికి తీసిన సేవ్‌ని మళ్లీ అదే కార్ట్రిడ్జ్‌లోకి ఎక్కించగలదా, ఎక్కించాక ఆట ఆగిన చోటు నుంచే మొదలవుతుందా? నేను చూసేది అది.

నా దగ్గర బాగా పనికొచ్చింది గేమ్‌బాయ్ కోసం తీసుకున్న జీబీఎక్స్‌కార్ట్ ఆర్‌డబ్ల్యూ అనే రీడర్. ఫ్లాష్‌జీబీఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వాడతాను. పోకెమాన్ గోల్డ్ సంగతే తీసుకోండి. సేవ్ ఉండేది ఎస్‌ర్యామ్‌లో, అంటే కరెంటు ఆగితే చెరిగిపోయే మెమరీలో, దాన్ని నిలబెట్టేది లోపల సోల్డర్ చేసిన సీఆర్2025 బటన్ సెల్. ఆటలోని గడియారం నడిచేదీ ఆ సెల్ మీదే, అందుకే అది తొందరగా అయిపోతుంది. మామూలుగా సెల్ ఊడదీస్తే సేవ్ కూడా పోతుంది. కాబట్టి ముందు సేవ్ బయటికి తీసి, కొత్త సెల్ వేసి, మళ్లీ ఎక్కించాలి. ఎక్కించడం రాని రీడర్ ఇక్కడ ఎందుకూ పనికిరాదు.

ఫైల్ సైజు 32,768 బైట్లు సరిగ్గా వచ్చినంత మాత్రాన నమ్మకండి. ఫైల్‌లోని బైట్లను నేరుగా చూపించే హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే, అసలు డేటా లేకుండా పై నుంచి కింది దాకా ఎఫ్‌ఎఫ్‌లే కనిపించిన ఫైళ్లు నాకు వచ్చాయి. కార్ట్రిడ్జ్ పిన్నుల మీద మురికి ఉంటే అలా అవుతుంది. దూది పుల్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తుడిస్తే నల్లగా దిగుతుంది. తర్వాత రెండుసార్లు చదివించి, రెండు ఫైళ్లూ అచ్చంగా ఒకటేనా అని పోల్చి చూస్తాను. ఆ ఫైల్ ఎమ్యులేటర్‌లో (పాత ఆటల్ని కంప్యూటర్‌లో ఆడించే ప్రోగ్రామ్‌లో) కూడా తెరుచుకుంటే ఇక నిశ్చింత.

ప్లేస్టేషన్ 1 మెమరీ కార్డులతో ఇంత హడావిడి లేదు. అందులో ఉన్నది కరెంటు లేకున్నా డేటా నిలిచే ఫ్లాష్ మెమరీ, బ్యాటరీ ఉండదు. మొత్తం 128 కేబీ, సేవ్‌లకు 15 బ్లాకులు. ఆర్డుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డుతో సొంతంగా చేసుకునే రీడర్ మెమ్‌కార్డుయినో నెమ్మదే కానీ నమ్మకమైనది. ఫైళ్లను మెమ్‌కార్డ్‌రెక్స్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో తెరుస్తాను. డెక్స్‌డ్రైవ్ అనే పాత రీడర్ తీసిన జీఎంఈ ఫైళ్లు మీ దగ్గరుంటే అవీ అందులో తెరుచుకుంటాయి. మామూలు కార్డు బదులు పెట్టుకునే మెమ్‌కార్డ్ ప్రో సౌకర్యంగా ఉంటుంది, సేవ్‌లన్నీ మైక్రో ఎస్‌డీ కార్డులో ఫైళ్లుగా కూర్చుంటాయి. అయితే దాన్నే బ్యాకప్ అనుకోవద్దు. ఆ ఫైళ్లను కంప్యూటర్‌లోకి కాపీ చేశాకే అది బ్యాకప్. ఒకే కార్డులో బోలెడు పేజీలని (ఒక్కో పేజీ ఒక విడి కార్డులా పనిచేస్తుందని) చెప్పి అమ్మే చవక కార్డుల జోలికి మాత్రం వెళ్లకండి. అలాంటి ఒకదానిలో పేజీ మార్చగానే నా సేవ్‌లు చెడిపోయాయి.

నింటెండో 64కి ఏదైనా కొనేముందు మీ ఆట ఎక్కడ సేవ్ చేస్తుందో చూసుకోండి. సూపర్ మారియో 64 కార్ట్రిడ్జ్‌లోని ఈఈప్రామ్‌లో, అంటే కరెంటు లేకున్నా డేటా నిలిచే చిప్‌లో రాస్తుంది, బ్యాటరీ బెంగ లేదు. ఒకారినా ఆఫ్ టైమ్‌కి బ్యాటరీ ఉంది. కంట్రోలర్‌కి తగిలించే నింటెండో వాళ్ల మెమరీ కార్డు కంట్రోలర్ ప్యాక్‌లోనూ సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది.

ఇప్పుడే మొదలుపెడుతుంటే బ్యాటరీ ఉన్న కార్ట్రిడ్జ్‌ల పని ముందు చూడండి. ప్లేస్టేషన్ కార్డులు ఇంకొన్నాళ్లు ఆగగలవు.