బ్లడ్ ఆన్ ది క్లాక్‌టవర్: విషం ఎక్కినట్టు ఎక్కినవాడికే తెలీదు

బ్లడ్ ఆన్ ది క్లాక్‌టవర్ మాఫియా లాంటి ఆటే: మనలోనే దాక్కున్న రాక్షసుణ్ణి మిగతా ఊరు మాటలతో, ఓట్లతో పట్టుకోవాలి. ఎలా ఆడాలో యూట్యూబ్ నిండా వీడియోలున్నాయి, అవి నేను మళ్లీ చెప్పను. నన్ను ఈ ఆటకి కట్టిపడేసింది ఒక్కటే: ఇందులోని విషం, మత్తు. మాఫియాలో మన పవర్‌ని ఎవడైనా ఆపేస్తే చాలాసార్లు మనకి తెలిసిపోతుంది. ఇక్కడ తెలీనివ్వరు. రాక్షసుడి పక్షాన ఉండే పాయిజనర్ రాత్రి ఎవరిని చూపిస్తే వాళ్ల శక్తి మర్నాడు పొద్దుగూకేదాకా పనిచెయ్యదు. ఆట నడిపే స్టోరీటెల్లర్ మాత్రం ఏమీ ఎరగనట్టు నటిస్తాడు. డ్రంక్ అనే మత్తు పాత్ర సంగతి మరీ ఘోరం. ఆటంతా తాను ఏ ఎంపాత్‌నో (పక్కవాళ్లలో చెడ్డవాళ్లెందరో తెలుసుకునే ఊరి పాత్ర) అనుకుంటూనే ఉంటాడు పాపం.

ట్రబుల్ బ్రూయింగ్ స్క్రిప్టుతో (స్క్రిప్టంటే ఆటలో వాడే పాత్రల జాబితా) తొమ్మిదిమందిమి ఆడిన ఒక రాత్రి చెప్తాను. అప్పటికి మాకు ఆట కొత్త. నేను పాయిజనర్‌ని, మా తమ్ముడు ఇంప్, అంటే రాక్షసుడు. మొదటి పగలే మా బావ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి, "నేను స్లేయర్‌ని, ఎవరితో అనకు" అన్నాడు. స్లేయర్ ఆట మొత్తానికి ఒక్కసారి, అందరి ముందూ ఎవరినైనా కాల్చొచ్చు; వాళ్లు రాక్షసుడైతే చస్తారు. ఆ రాత్రి నా వేలు ఎటు చూపించిందో వేరే చెప్పాలా?

తెల్లారగానే బావ లేచి నిలబడి, "ఒరేయ్, నిన్న రాత్రి నుంచీ నీ మొహమే అనుమానంగా ఉంది, నిన్నే కాలుస్తున్నా" అన్నాడు మా తమ్ముణ్ణి చూసి. గురి సరిగ్గా కుదిరింది. స్టోరీటెల్లర్ నింపాదిగా, "ఏమీ జరగలేదు" అన్నాడు. నా నవ్వు ఆపుకోడానికి నీళ్ల గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నా. ఇక చూడండి, కాల్చినా చావనివాడు రాక్షసుడెలా అవుతాడని ఊరంతా మా తమ్ముణ్ణి నెత్తిన పెట్టుకుంది. చివరికి ముగ్గురు మిగిలితే, అప్పటికే చచ్చి ఉన్న బావ చచ్చినవాళ్లకి ఉండే ఒక్క ఓటూ పక్కవాళ్ల మీద వేసి మరీ మమ్మల్ని గెలిపించాడు. ఎవరి పాత్ర ఏదో స్టోరీటెల్లర్ దాచుకునే గ్రిమోర్ తిప్పి చూపించాక అరగంట మాతో మాట్లాడలేదు.

ఆ ఊపులో ఇంత గొప్ప ఆట లేదని కనబడ్డవాళ్లందరికీ చెప్పా. ఇప్పుడు కాస్త తగ్గించి చెప్తున్నా. విషంలో కాల్చినా స్లేయర్ అవకాశం ఖర్చయిపోయినట్టే, తర్వాత విషం దిగినా తిరిగిరాదు. గెలిచినవాణ్ణి కాబట్టి ఆ రోజు బాగానే ఉంది కానీ, అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఇంకోటి, ఇదంతా స్టోరీటెల్లర్ చేతి చలవ. విషం ఎక్కినవాళ్లకి అబద్ధమే చెప్పాలని రూలేం లేదు, నిజం కూడా చెప్పొచ్చు. మధ్యలో కొన్నాళ్లు మాకు ఆట నడిపినాయన ప్రతిసారీ అబద్ధమే చెప్పేవాడు. మావాళ్లు అది పసిగట్టి, ఆయన చెప్పినదాన్ని తిరగేసి చదవడం మొదలెట్టారు. అక్కడితో రుచి పోయింది.

మాది పండక్కి పదిమంది పోగయ్యే ఇల్లు, అలిగినా గంటలో మళ్లీ కలిసిపోతాం, అందుకని మాకు పెట్టిన డబ్బు వసూలైంది. ఐదారుగురే ఉంటే మాత్రం ఒక్క విషం దెబ్బకే ఊరి చేతిలో ఉన్న సమాచారంలో సగం చెడిపోతుంది, నేనైతే కొనమని చెప్పను. కొత్తవాళ్లు వచ్చినప్పుడు మేం పాయిజనర్‌ని పక్కనపెట్టి, విషం పెట్టని ఇంకో చెడ్డ పాత్ర బారన్‌ని వేస్తాం. బావ వస్తే మాత్రం పాయిజనర్ ఉండాల్సిందే, ఆ షరతు ఆయనే పెట్టాడు.