మాస్టారి పేరు నిలవాలంటే ఏది మేలు: విగ్రహమా, ప్రైజా, తరగతి గదా, సాయంత్రం క్లాసా?

మాస్టారు పోయిన నెలలో బ్యాచ్‌లన్నీ ఒక్కటైపోతాయి, డబ్బులు కూడా గబగబా పోగవుతాయి, తగువంతా ఆ డబ్బుతో ఏం చెయ్యాలన్న దగ్గరే మొదలవుతుంది. మా జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారి పేరు మీద మేం ఒక పని మొదలుపెట్టిన దగ్గర్నుంచి చుట్టుపక్కల ఊళ్ల పాత విద్యార్థులు ఫోన్ చేసి ఇదే అడుగుతున్నారు, విగ్రహం పెడదామా, టాపర్‌కి ప్రైజ్ ఇద్దామా, గది కట్టిద్దామా అని. విడివిడిగా అందరికీ చెప్పేకంటే ఒకసారి రాసి పెడితే నయం అనిపించింది. లెక్క తేలిగ్గా ఉండటానికి మీ చేతిలో 6 లక్షలు ఉన్నాయనుకుందాం.

అన్నిటికంటే ముందు నేను చూసేది ఒకటుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ టీచర్‌కి ఒకే బళ్లో 8 ఏళ్లు, హెచ్‌ఎంకి 5 ఏళ్లు నిండితే బదిలీ తప్పదు. ఆరో క్లాసులో చేరిన పిల్లాడు ఐదేళ్లలో టెన్త్ రాసి వెళ్లిపోతాడు. అంటే మాస్టారు పోయిన 8 ఏళ్లకల్లా ఆ బళ్లో ఆయన్ని కళ్లారా చూసినవాళ్లు, పిల్లల్లో గానీ స్టాఫ్‌లో గానీ, దాదాపు ఎవరూ మిగలరు. మనమా, పిల్లల చదువులు, ఉద్యోగాలు, ఈఎంఐలు, ఎవరి గొడవల్లో వాళ్లం పడిపోతాం. ఆ రోజున కొత్తగా వచ్చిన హెచ్‌ఎం గారు, మాస్టారి మొహం కూడా తెలియని మనిషి, మీరు పెట్టినదాన్ని కొనసాగించడానికి ఆయనకేం అవసరం ఉంటుంది? నా మటుకు నేను అన్నిటినీ ఈ ప్రశ్న దగ్గరే తూస్తాను.

విగ్రహం సంగతి. దీన్ని తేలిగ్గా తీసిపారెయ్యను, ఊళ్లో పెద్దవాళ్లకి, మాస్టారి ఇంట్లోవాళ్లకి అది ఇచ్చే తృప్తి ఇంకేదీ ఇవ్వదు. గోదావరి జిల్లాల్లో కాటన్ దొర విగ్రహం లేని ఊరు వెతుక్కోవాలి, దండ వేసే చెయ్యి ఉన్నన్నాళ్లూ ఆ పేరు నిలిచింది కదా అంటారు, నిజమే, కానీ అక్కడ దండ వేసేది రోజూ ఆ కాలవ నీళ్లు తాగే రైతు. మన మాస్టారికి దండ ఎవరు వేస్తారో ముందే అనుకోవాలి. ఇంకోటి మొహం పోలిక. కొత్తపేటకో తెనాలికో వెళ్తే శిల్పులు మంచి ఫోటో తెమ్మంటారు, మన దగ్గర ఉండేది రిటైర్మెంట్ సన్మానం ఫోటో, శాలువా కప్పి గడ్డం దాకా దండలు, మెడ కనపడదు, ఫ్లాష్ వెలుగుకి కళ్లజోడు వెనక కళ్లు కనపడవు. దాన్నిబట్టి చేస్తే పంచె, కండువా, కళ్లజోడు అన్నీ సరిగ్గానే వస్తాయి, మొహం మాత్రం మాస్టారిది రాదు. సెంటర్లో పెడదామని మాత్రం అసలు అనుకోకండి, రోడ్ల మీద, పదిమంది వాడుకునే స్థలాల్లో కొత్త విగ్రహాలకి అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే రాష్ట్రాలకి చెప్పింది. బడి ఆవరణలో పెట్టాలన్నా పై అధికారుల అనుమతి కాగితం తీసుకునే పెట్టండి.

టాపర్‌కి ప్రైజ్. అన్నిట్లోకీ సులువు ఇదే, అందుకే ఎక్కువమంది ఇటే మొగ్గుతారు. 6 లక్షలు ఎఫ్‌డీ వేస్తే 6.5 శాతం చొప్పున ఏడాదికి 39 వేలు వస్తాయి, ఆగస్టు 15న జెండా ఎగరేశాక మైకులో మాస్టారి పేరు చదివి టెన్త్ ఫస్ట్ వచ్చిన పిల్లకి కవర్ ఇస్తారు, కొత్త హెచ్‌ఎం వచ్చినా ఆగదు. బాగానే ఉంది. కానీ నాకు రెండు అభ్యంతరాలు. ఒకటి, 90ల్లో 12 శాతం వడ్డీ వచ్చే రోజుల్లో 10 వేలు డిపాజిట్ చేసి పెట్టిన పాత స్మారక బహుమతులు ఇప్పుడు 600, 700 రూపాయల దగ్గరకొచ్చి ఆగాయి, ఆ డబ్బుతో ఒక మంచి గైడు కూడా రాదు. రెండోది అసలుది. 600కి 580 తెచ్చుకునే పిల్లకి ట్రిపుల్ ఐటీ సీటు ఎలాగూ వస్తుంది. మా మాస్టారు ఏ రోజూ ఆ పిల్ల కోసం బడి వదిలాక కూర్చోలేదు, ఆయన కూర్చున్నది 35 మార్కులు వస్తాయో రావో అన్నవాళ్ల కోసం, వాళ్లని ముందు బెంచీకి పిలిచి, బోర్డు మీద లెక్క సగం వేసి, మిగతా సగం వాళ్లచేత వేయించేదాకా చాక్‌పీసు వాళ్ల చేతిలోనే ఉంచేవారు. అలాంటాయన పేరు మీద ఫస్ట్ వచ్చినవాళ్లకి మాత్రమే కవర్ ఇస్తుంటే నాకు మనసొప్పదు. ప్రైజే ఇవ్వాలనుకుంటే ఎనిమిదో క్లాసు నుంచి టెన్త్‌కి లెక్కల్లో ఎక్కువ మెరుగుపడిన పిల్లకి ఇవ్వండి, అప్పుడు అది ఆయన ప్రైజ్ అవుతుంది.

గది, లైబ్రరీ. 2019లో ఆంధ్రాలో నాడు-నేడు, 2022లో తెలంగాణలో మన ఊరు-మన బడి వచ్చాక చాలా బళ్లలో గదులు, బెంచీలు, మరుగుదొడ్లు ఎంతోకొంత అయ్యాయి, మీ బళ్లో ఇంకా కొరత ఉంటే వేరే మాట, లేకపోతే శిలాఫలకం కోసం గది కట్టొద్దు. లైబ్రరీ అంటే నాకూ ఇష్టమే. కానీ బళ్లలో జరిగేది చూస్తున్నాం కదా, పుస్తకాలన్నీ స్టాక్ రిజిస్టర్లో ఎక్కిస్తారు, ఒకటి పోతే జవాబు చెప్పుకోవాల్సింది హెచ్‌ఎం, దాంతో బీరువాకి తాళం, తాళంచెవి ఆయన సొరుగులో, ఆయన బదిలీ అయితే ఛార్జ్ అప్పగించే రోజు తప్ప ఆ బీరువా తెరుచుకోదు. ఇందులో ఆయన తప్పేం లేదు, పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే మనిషి లేడు, అంతే.

ఆర్చి గేటు, వాటర్ ప్లాంట్, కబడ్డీ టోర్నమెంట్, వర్ధంతికి అన్నదానం, ఇవన్నీ ఎవరికి వీలైతే వాళ్లు విడిగా చేసుకోవచ్చు, ఉమ్మడి డబ్బు వీటిమీద పెట్టొద్దు. వాటర్ ప్లాంట్ ఫిల్టర్లు మార్చేవాళ్లు లేక మూలపడితే దానిమీద మాస్టారి పేరు ఉండటం చూడలేం.

ఇక మేం ఎంచుకున్నది సాయంత్రం క్లాసు, ఎనిమిదో క్లాసు పిల్లలకి, కేంద్రం స్కాలర్‌షిప్ ఇచ్చే ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష కోసం. ఈ పరీక్ష పాసై మెరిట్‌లో వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ సెకండియర్ దాకా ఏడాదికి 12 వేలు, మొత్తం 48 వేలు కేంద్రం పిల్లల బ్యాంకు ఖాతాలో వేస్తుంది, తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, మామూలు సర్కారు, జిల్లా పరిషత్, ఎయిడెడ్ బళ్ల పిల్లలే రాయాలి. రెండు పేపర్లు, ఒక్కోటి 90 ప్రశ్నలు, ఒకటి మామూలు సబ్జెక్టులు, రెండోది బుద్ధికి పదునుపెట్టే రకం, సంఖ్యల వరసలు, కోడింగులు, అద్దంలో బొమ్మలు. ఈ రెండో పేపర్ ఏ క్లాసు సిలబస్‌లోనూ ఉండదు, ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పితే తప్ప సర్కారు బడి పిల్లకి అలాంటి ప్రశ్న ఒకటుంటుందని కూడా తెలీదు. మా దగ్గర మొదటి వారం లెక్కలే చెప్పలేదు, ఓఎంఆర్ షీటు జిరాక్సులు ఇచ్చి గడులు నింపించడమే, ఎందుకంటే ఒక ప్రశ్న వదిలేసి కిందిదానికి వెళ్లినప్పుడు షీటులో కూడా ఒక వరస వదలాలని చాలామందికి తోచలేదు, అక్కణ్నుంచి జవాబులన్నీ ఒక గడి జరిగిపోయాయి.

ఖర్చు లెక్క చూడండి. అదే 39 వేల వడ్డీని పది నెలలకి పంచితే నెలకి 3,900. బీఈడీ చేసి డీఎస్సీకి చదువుకుంటూ ఇంటిపట్టున ఉన్నవాళ్లు ఊళ్లో ఎప్పుడూ ఒకరుంటారు, గంటన్నర క్లాసుకి వాళ్లకి అది పనికొచ్చే డబ్బు, వాళ్లకి ఉద్యోగం వస్తే ఇంకొకరు వస్తారు. పరీక్ష అయిపోయాక మిగిలిన నెలలు టెన్త్‌లో లెక్కల్లో వెనకబడ్డవాళ్లకి. ఏడాదికి ఒక్క పిల్ల సెలెక్ట్ అయినా ఆ ఇంటికి వచ్చే 48 వేలు మన ఏడాది వడ్డీకంటే ఎక్కువ. అయితే పరీక్షకి అర్హత ఉన్నవాళ్లనే రానిస్తామంటే ఒప్పుకోకండి, ఏడో క్లాసులో 55 శాతం లేనివాళ్లు పరీక్ష రాయలేకపోవచ్చు, క్లాసులో కూర్చోవచ్చు, మాస్టారైతే వాళ్లనే ముందు పిలిచేవారు.

ఇప్పుడు నేను మొదట అడిగిన ప్రశ్న. కొత్త హెచ్‌ఎం గారికి మాస్టారు తెలీకపోయినా మండల విద్యాధికారి (ఎంఈఓ) మీటింగులో మీ బళ్లోంచి ఎంతమంది సెలెక్ట్ అయ్యారని అడుగుతారు, కాబట్టి ఆ క్లాసు ఆయనకే కావాలి, ఆగిపోతే ఆయనే మనకి ఫోన్ చేస్తారు. పిల్లలు రోజూ "మాస్టారి క్లాసుకి వెళ్తున్నా" అని ఇంట్లో చెప్పి వస్తారు. విగ్రహానికి గానీ గదికి గానీ లేనిది ఇదే.

దీనికీ ఇబ్బందులున్నాయి. పొద్దుపోకుండా వదలాలి, పక్క ఊళ్ల ఆడపిల్లలకి బస్సు అందాలి, గేటు తాళం ఎవరిదో ముందే తేలాలి, స్కూలు కమిటీ తీర్మానం రాయించుకోవాలి. మొదటి ఏడాది ఒక్కరూ సెలెక్ట్ కాకపోవచ్చు కూడా.

డబ్బు మాత్రం ఎవరి సొంత ఖాతాలోనూ పెట్టొద్దు, ఎంత నమ్మకస్తులైనా సరే. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే రిజిస్టర్ చేసుకోవచ్చు, దాని పేరున పాన్ కార్డు, ఖాతా, ఎఫ్‌డీ. అమెరికాలో ఉన్నవాళ్లు ఎక్కువ పంపుతామంటారు, అక్కడ జాగ్రత్త. ఇండియా పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదన మామూలు బ్యాంకు మార్గంలో పంపితే పర్లేదు, అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) దృష్టిలో విదేశీ వనరు, ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేకుండా వాళ్ల డబ్బు సొసైటీ తీసుకోకూడదు. వాళ్లని నొప్పించకుండా ముందే చెప్పండి.

ఏది చేసినా ముందు మాస్టారి ఇంట్లో అమ్మగారి దగ్గరికి వెళ్లి అడగండి, ఆవిడ విగ్రహమే కావాలంటే వరండాలో మంచి ఫోటో ఒకటి పెట్టించి, క్లాసు గురించి కూర్చుని వివరంగా చెప్పండి. సంవత్సరీకం లోపు ఎఫ్‌డీ వేసెయ్యండి, ఆ తర్వాత బ్యాచ్‌ల వాళ్లని మళ్లీ ఒకచోట చేర్చడం చాలా కష్టం.