హీరో తప్పుకు బాకీ ఎలా తీరాలి? లీప్, క్షమాపణ, ఫలితం: ఏది మేలు?

భార్య ఒక నిజం దాస్తే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి నిలదీస్తారు. భర్త అదే పని చేస్తే జాలిగా వయొలిన్ మోగుతుంది. డ్రామా చూసేవాళ్లకు ఒళ్లు మండేది ఇక్కడే. పాత్రకు తనకో నీతి, ఎదుటివాళ్లకో నీతి ఉండటంలో తప్పేమీ లేదు, మనుషుల్లో అలాంటివాళ్లు ఎందరో ఉన్నారు. ఆ సంగతి కథకు కూడా పట్టకపోతేనే చిక్కు.

పాత్ర పక్షపాతాన్నీ కథ పక్షపాతాన్నీ వేరుచేసి చూడటానికి ఒక పద్ధతి ఉంది. ఒకే రకం తప్పు చేసిన రెండు పాత్రలను పక్కపక్కన రాసుకుని నాలుగు విషయాలు చూడాలి. ఆ తప్పు ఎంతమందికి తెలిసింది, ఎవరు నిలదీశారు, ఏం పోగొట్టుకున్నారు, గొడవ సీన్ అయ్యాక ఒంటరిగా కూర్చుని బాధపడే సీన్ ఎవరికి దక్కింది? నాలుగోదాన్ని చాలామంది వదిలేస్తారు, కానీ అన్నిటికన్నా బరువైనది అదే. మాటలన్నీ భార్య పక్షాన ఉన్నా, చివరి క్లోజప్ భర్త కన్నీళ్ల మీద ఆగితే ప్రేక్షకుడి మనసు అతని వెంటే పోతుంది.

దీనికి పెద్ద ఉదాహరణ అమెరికన్ టీవీ సీరియల్ బ్రేకింగ్ బ్యాడ్. అందులో హీరో వాల్టర్ వైట్ మత్తుపదార్థం తయారుచేశాడు, మనుషుల్ని చంపాడు. అయినా చాలామంది ప్రేక్షకుల కోపం అతని భార్య స్కైలర్ మీదికి పోయింది. ఆ పాత్ర వేసిన అన్నా గన్ 2013 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో దీని గురించే వ్యాసం రాశారు. కారణం కథనంలోనే కనిపిస్తుంది. వాల్టర్ జబ్బు, భయం, అవమానం మనం మొదటినుంచీ అతని పక్కనే ఉండి చూస్తాం. స్కైలర్ మాత్రం చాలాకాలం అతనికి అడ్డుపడే మనిషిగానే తెర మీదికి వస్తుంది. ఎవరి రహస్యం మనకు ముందుగా తెలిస్తే వాళ్ల పక్షం వహించడం మన అలవాటు.

ఇక తప్పు జరిగిపోయాక కథ ముందు మూడు దారులుంటాయి.

అన్నిటికన్నా తేలిక లీప్, అంటే కథ ఒక్కసారిగా కొన్నేళ్లు ముందుకు దూకడం. "ఐదేళ్ల తర్వాత" అని అక్షరాలు పడతాయి, పిల్లలు పెద్దవాళ్లయిపోతారు, పాత గొడవ మాయమవుతుంది. నటులు మారినప్పుడో, ట్రాక్ (నడుస్తున్న కథాంశం) సాగి సాగి పలచబడినప్పుడో దీని అవసరం నిజంగానే పడుతుంది. అయితే అన్యాయం జరిగిన పాత్రకు కోప్పడే హక్కే పోతుంది. ఆమె ఎప్పుడు, ఎందుకు క్షమించిందో మనకు చూపించరు, క్షమించేసిందని నమ్మమంటారు. బాకీ తీర్చే పద్ధతుల్లో ఇదే అధమం.

క్షమాపణ దీనికన్నా మెరుగు, కాకపోతే సగం సీరియళ్లు దాన్ని పాడుచేస్తాయి. సరైన క్షమాపణలో మూడు ఉండాలి: చేసిన పని పేరు పెట్టి చెప్పడం, దానివల్ల ఎవరికి ఏం జరిగిందో ఒప్పుకోవడం, ఇకపై ఏం మారుస్తాడో చెప్పడం. "నావల్ల బాధపడి ఉంటే సారీ" అన్న మాటలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. సాక్షుల సంగతి ఇంకా ముఖ్యం. పదిమంది ఎదుట చెయ్యెత్తినవాడు తలుపులు మూసిన గదిలో క్షమాపణ చెబితే ఆమె పోగొట్టుకున్న పరువు తిరిగి రాదు. ఆ పదిమందీ వినాలి. విన్న తర్వాత "ఇప్పుడు నావల్ల కాదు" అనే వీలు ఆమెకుండాలి. అతను ఏడవడం, ఆమె అతని కన్నీళ్లు తుడవడం చూస్తాం కదా, అక్కడ క్షమాపణ తలకిందులైంది. దెబ్బ తిన్న మనిషే ఓదార్చే పని కూడా చేస్తోంది.

మూడోది ఫలితం. చేసిన తప్పు నుంచే పుట్టిన నష్టం చేసినవాడికి తగలాలి. నమ్మకద్రోహం చేసినవాడికి కారు ప్రమాదం జరిగితే అది ఫలితం కాదు, కాకతాళీయం. పైగా ఆసుపత్రి మంచం మీద అతనికే జాలి దక్కుతుంది. అబద్ధం చెప్పినవాడు నిజం చెప్పిన రోజున ఎవరూ నమ్మకపోవడం ఫలితం.

బ్రేకింగ్ బ్యాడ్‌లో రెండో సీజన్ 12వ ఎపిసోడ్‌లో మత్తుపదార్థం తయారీలో తన భాగస్వామి అయిన జెస్సీ ప్రియురాలు జేన్ కళ్లెదుట చనిపోతుంటే వాల్టర్ కాపాడడు. ఆ సీజన్ చివరికి రెండు విమానాలు ఢీకొంటాయి, ఎందుకంటే కూతురు పోయిన దుఃఖంలో ఉన్న జేన్ తండ్రి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్. నష్టం లోకానికి తగిలింది గానీ వాల్టర్‌కు తగల్లేదు. ఆ నిజం జెస్సీ చెవిన పడేది ఐదో సీజన్ 14వ ఎపిసోడ్‌లో, అంటే 41 ఎపిసోడ్ల తర్వాత, అదీ వాల్టర్ నోటే, గాయపరచడానికి. ఇంత ఆలస్యమైనా కథ మరిచిపోయిందని అనిపించదు, ఎందుకంటే జేన్ చావు జెస్సీని మధ్యలో వెంటాడుతూనే ఉంటుంది. ఆలస్యం చేయాలనుకునే రచయిత ఇలా గుర్తుచేస్తూ ఉండాలి.

పది, పదమూడు ఎపిసోడ్ల సీజన్‌కు ఫలితమే మేలు. ముగింపు ముందే తెలుసు కనుక తప్పునూ నష్టాన్నీ ముడివేసి రాసుకోవచ్చు. రోజూ వచ్చే సీరియల్‌లో అది కష్టం. రచయితలు మారతారు, ట్రాక్ మధ్యలో ఆగిపోతుంది. అక్కడ సాక్షుల ముందు క్షమాపణే నమ్మదగ్గ దారి. దానికి తోడు తప్పును తప్పని చెప్పే ఒక్క గొంతు ఇంట్లో ఉండాలి. దీనికయ్యే ఖర్చు ఒక్క సీన్. కాకపోతే ఆ మాట ప్రేక్షకులు ఇష్టపడే పాత్ర అనాలి. విలన్ అత్త నోట పెడితే నిజం కూడా కుట్రలా వినిపిస్తుంది. నాలుగు వారాల తర్వాత ఆ పాత్ర చేతే "నేనే పొరబడ్డాను" అనిపించకూడదు కూడా.

లీప్ తప్పనిసరైతే ఆ తర్వాతి మొదటి సీన్‌లోనే పాత గాయం కనబడాలి. అతను గదిలోకి రాగానే ఆమె మాట ఆపేసి లేచి వెళ్లిపోయినా చాలు.