రెట్రోపైలో బటన్లు తారుమారైతే ఎక్కడ సరిచేయాలి: మూడు దారుల్లో ఏది మేలు?

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో, పాత వీడియోగేములు నడిపే రెట్రోపై సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఆడేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే చిక్కు ఇది. మెనూలో బటన్లన్నీ బుద్ధిగా పనిచేస్తాయి. ఆటలోకి వెళ్లాక మాత్రం హీరో ఎగరమంటే పరుగెడతాడు, పరుగెత్తమంటే ఎగురుతాడు. సరిచేయడానికి మూడు చోట్లు ఉన్నాయి. ఆటలు ఎంచుకునే మెనూ అయిన ఎమ్యులేషన్‌స్టేషన్‌లో కంట్రోలర్‌ను మళ్లీ నమోదు చేయడం మొదటిది. ఆట నడుస్తుండగానే, ఎమ్యులేటర్లను (పాత యంత్రాలను అనుకరించే ప్రోగ్రాములను) నడిపే రెట్రోఆర్క్ మెనూలో రీమ్యాప్ చేసి, అంటే ఏ బటన్ ఏ పని చేయాలో మార్చి, సేవ్ చేయడం రెండోది. కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్ తెరిచి బటన్ నంబర్లు చేత్తో రాయడం మూడోది. చాలామంది మొదటిదాన్నే పదేపదే చేసి విసిగిపోతారు. మందు మాత్రం ఎక్కువసార్లు రెండోదాంట్లో ఉంటుంది.

అయితే ముందు అది నిజంగా మ్యాపింగ్ జబ్బేనా అన్నది తేల్చుకోవాలి. కీబోర్డు తగిలించి ఎఫ్4 నొక్కితే ఎమ్యులేషన్‌స్టేషన్ మూసుకుని టెర్మినల్ వస్తుంది. అక్కడ జేఎస్‌టెస్ట్ ఆదేశం ఇచ్చి జేఎస్0 పరికరాన్ని చూపిస్తే (jstest /dev/input/js0), ఏ బటన్ నొక్కితే ఏ నంబరు వెలుగుతోందో కనిపిస్తుంది. నంబర్లు 0 నుంచి మొదలవుతాయని గుర్తుంచుకోండి. నొక్కిన ప్రతిసారీ ఒకే నంబరు తడబడకుండా వస్తే కంట్రోలర్ బాగున్నట్టే. గట్టిగా నొక్కితేనే వస్తున్నా, నొక్కి పట్టుకుంటే మధ్యలో తెగిపోతున్నా ఏ సెట్టింగూ దాన్ని బాగుచేయలేదు. విశాఖలో, ముఖ్యంగా బీచ్‌రోడ్డు పక్క ఇళ్లలో, ఈ అనుమానం ముందే పెట్టుకోవడం మంచిది. ఉప్పుగాలి, తేమ కలిసి రబ్బరు కింది కార్బన్ గుండీల మీద, బోర్డు మీది కాంటాక్టుల మీద పొరలా పేరుకుంటాయి. వెనక స్క్రూలు విప్పి, దూదిపుల్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది రెండు వైపులా తుడిచి, పూర్తిగా ఆరాక మూయండి. కార్బన్‌ను గీకకండి, పూత ఊడొస్తే ఆ గుండీ ఇక పనిచేయదు.

కంట్రోలర్ బాగుందని తేలితే మొదటి దారి. స్టార్ట్ నొక్కి కాన్ఫిగర్ ఇన్‌పుట్ ఎంచుకుని, ఏదో ఒక బటన్ కాసేపు నొక్కి పట్టాలి. తర్వాత అడిగినవన్నీ నొక్కుతూ పోవాలి. మీ కంట్రోలర్‌కు లేనిది అడిగితే ఏదైనా బటన్ నొక్కి పట్టుకుంటే అది దాటిపోతుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, బటన్ మీద అచ్చువేసిన అక్షరం చూసి నొక్కడం. రెట్రోఆర్క్ లోపల ఊహించుకునేది సూపర్ నింటెండో అమరిక: కింద బీ, కుడివైపు ఏ, ఎడమవైపు వై, పైన ఎక్స్. ఎక్స్‌బాక్స్ తరహా కంట్రోలర్‌లో కింద ఏ, కుడివైపు బీ ఉంటాయి. కాబట్టి తెర ఏ అని అడిగినప్పుడు, మీ చేతిలో ఏ అక్షరం ఉన్నా సరే, కుడివైపు బటన్‌నే నొక్కాలి. చోటును బట్టి నమోదు చేస్తే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. చివర్లో హాట్‌కీ, అంటే ఇంకో బటన్‌తో కలిపి నొక్కితే షార్ట్‌కట్‌ పనిచేయించే బటన్, అడుగుతుంది, సెలెక్ట్ ఇవ్వండి. హాట్‌కీ లేకుండా వదిలేస్తే షార్ట్‌కట్‌లు ఒంటి బటన్‌కే పలుకుతాయి. స్టార్ట్ నొక్కగానే ఆట మూసుకుపోతోందని గోలపెట్టేవాళ్లలో చాలామందికి అసలు కారణం ఇదే.

ఈ దారి ఒక్కసారికే. ఆట ఆటకూ వేరే అమరిక కావాలని ఇక్కడ అబద్ధపు బటన్లు నమోదు చేస్తే అన్ని ఎమ్యులేటర్లూ ఒకేసారి చెడిపోతాయి. మరీ పాడయితే, రెట్రోపై సెటప్‌లో కాన్ఫిగరేషన్, ఎమ్యులేషన్‌స్టేషన్ అనే చోట ఇన్‌పుట్ కాన్ఫిగరేషన్ రీసెట్ చేసే ఎంపిక ఉంది. మెనూలో ఏ, బీ మాత్రమే తారుమారుగా అనిపిస్తే ఆ రెండింటినీ మార్చే ఎంపిక కూడా అక్కడే ఉంది. దానికోసం మొత్తం మళ్లీ చేయనక్కర్లేదు.

ఇక అసలు దారి, రీమ్యాప్. క్యాసెట్ పెట్టి మారియో ఆడిన తరానికి బొటనవేలు పరుగు బటన్ మీద ఉంచి, దాని చివరతోనే ఎగిరే బటన్‌ను తాకడం అలవాటు. సూపర్ నింటెండో ఆకారపు కంట్రోలర్‌లో, అంతకుముందు తరం నింటెండో (ఎన్ఈఎస్) ఆటకు మామూలుగా వచ్చేవి కింది బీ, కుడి ఏ. ఆ రెండూ ఏటవాలుగా ఉండటంతో వేలు మెలితిరుగుతుంది. ఎడమ వై పరుగుకు, కింది బీ ఎగరడానికి ఉంటే హాయి. ఆటలో ఉండగా సెలెక్ట్‌తో పాటు ఎక్స్ నొక్కితే రెట్రోఆర్క్ మెనూ వస్తుంది. క్విక్ మెనూ, కంట్రోల్స్, పోర్ట్ 1 అన్న వరుసలో వెళ్లండి. వై ఎదురుగా బీ, బీ ఎదురుగా ఏ పెట్టండి. మామూలుగా ఎడమ వై టర్బో బీగా (నొక్కి పట్టుకుంటే బీని పదేపదే నొక్కినట్టు) ఉంటుంది, ఈ మార్పుతో అది పోతుంది. కాంట్రా లాంటి కాల్పుల ఆటలో టర్బో కావాలంటే దాన్ని వేరే బటన్‌కు ఇచ్చుకోండి. తర్వాత రీమ్యాప్ ఫైళ్ల మెనూలోకి వెళ్లి సేవ్ చేయాలి. ఇది మరిచిపోతే మళ్లీ ఆట తెరిచేసరికి మొదటికే వస్తుంది.

సేవ్ చేసేచోట మూడు ఎంపికలుంటాయి: కోర్ (రెట్రోఆర్క్ లోపలి ఒక్కో ఎమ్యులేటర్), కంటెంట్ డైరెక్టరీ (ఆటలున్న ఫోల్డర్), గేమ్. సాధారణంగా డైరెక్టరీనే మేలు. జెనెసిస్ ప్లస్ జీఎక్స్ అనే ఒక్క కోర్ మెగాడ్రైవ్, మాస్టర్ సిస్టమ్, గేమ్‌గేర్ మూడింటినీ నడుపుతుంది. మెగాడ్రైవ్ కోసం చేసిన మార్పును కోర్ రీమ్యాప్‌గా సేవ్ చేస్తే మిగతా రెండింటికీ అంటుకుంటుంది. డైరెక్టరీ రీమ్యాప్ ఆ ఫోల్డర్ దాటదు. గేమ్ రీమ్యాప్‌ను ఒక్క ఆటకే అవసరమైనప్పుడు వాడండి, ఎందుకంటే మూడింటిలో దాని మాటే చెల్లుతుంది. ఎప్పుడో చేసిన గేమ్ రీమ్యాప్ మిగిలి ఉంటే, పైన డైరెక్టరీలో ఎన్ని మార్పులు చేసినా ఆ ఆటలో కనిపించవు. ముందు దాన్ని తొలగించాలి.

ఆర్కేడ్ ఆటల్లో రీమ్యాప్‌కు ముందు ఇంకో మెట్టుంది. ఆర్కేడ్ ఆటలు నడిపే ఎఫ్‌బీనియో కోర్‌లో స్ట్రీట్ ఫైటర్ 2 తెరిస్తే ఆరు దెబ్బలూ సూపర్ నింటెండో పద్ధతిలోనే వస్తాయి: పిడికిలి దెబ్బలకు వై, ఎక్స్, ఎల్, తన్నులకు బీ, ఏ, ఆర్. మామూలు కంట్రోలర్‌కు ఇది సరిపోతుంది. ఆరు బటన్ల ఆర్కేడ్ స్టిక్‌కు సరిపోకపోతే బటన్లు ఒక్కొక్కటిగా మార్చేముందు అదే కంట్రోల్స్ మెనూలో డివైస్ టైప్‌ను క్లాసిక్ నుంచి మోడర్న్‌కు గానీ 6-ప్యానెల్‌కు గానీ మార్చి చూడండి. ఇంకో ఆర్కేడ్ కోర్ అయిన మేమ్ 2003లో మరో మెలిక. కీబోర్డు ట్యాబ్‌తో తెరుచుకునే దాని సొంత మెనూలోనూ బటన్లు మార్చుకోవచ్చు. అక్కడ ఒకసారి, రెట్రోఆర్క్‌లో ఒకసారి తారుమారు చేస్తే రెండు తిరగేతలు కలిసి మొదటి అమరికే వస్తుంది. ఏదో ఒకచోటే మార్చండి.

మూడో దారి, చేత్తో ఫైల్ రాయడం, చూడటానికి గొప్పగా ఉంటుంది, తర్వాత వేధిస్తుంది. సిస్టమ్ వారీగా ఉండే రెట్రోఆర్క్ కాన్ఫిగ్ ఫైల్‌లో ప్లేయర్ 1 ఏ బటన్ 2 అని రాస్తే, ఆ 2 అన్నది చేతిలో ఉన్న కంట్రోలర్ నంబరు. ఇంకో కంట్రోలర్‌లో 2 వేరే చోట ఉండొచ్చు. రీమ్యాప్‌కు నంబర్లతో పనిలేదు కాబట్టి కంట్రోలర్ మారినా చెక్కుచెదరదు. రాసి తీరాలనుకుంటే ఫైల్‌లో ఇంక్లూడ్ (#include) అన్న వరుసకు పైనే రాయాలి. కింద రాసింది పట్టించుకోదు. దిక్కుల బటన్లను జేఎస్‌టెస్ట్ 6, 7 యాక్సిస్‌లుగా చూపించినా, అవి హ్యాట్ రకమైతే ఫైల్‌లో యాక్సిస్‌గా రాస్తే పనిచేయవు, హెచ్0అప్ (h0up) తరహాలో రాయాలి. హాట్‌కీని హోమ్ బటన్‌కు మార్చడం లాంటి చిన్న పనికి ఈ దారి బాగుంటుంది, అది కూడా ఆ కంట్రోలర్ సొంత ఫైల్‌లో రాసినప్పుడే.

ఈ మూడింటికీ లొంగని చిక్కులూ ఉన్నాయి. డాబాగార్డెన్స్‌లోనో ద్వారకానగర్‌లోనో దొరికే చవక యూఎస్‌బీ కంట్రోలర్లు కొన్ని యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్ అన్న ఒకే పేరు, 0079:0011 అన్న ఒకే గుర్తింపు సంఖ్య చూపిస్తాయి. లోపలి బటన్ల వరుస మాత్రం ఒక్కోదానిలో ఒక్కోలా ఉండొచ్చు. పేరు ఒకటే కావడంతో కాన్ఫిగ్ ఫైల్ కూడా ఒకటే అవుతుంది. రెండోదాన్ని నమోదు చేయగానే మొదటిది తలకిందులవుతుంది, దాన్ని సరిచేస్తే ఇది. ఇద్దరు ఆడాలంటే ఒకే రకం రెండింటిని ఒకేసారి కొని, అంగట్లోనే లాప్‌టాప్‌కు తగిలించి నంబర్లు కలుస్తున్నాయో లేదో చూసుకోవాలి. 8బిట్‌డో ఎస్ఎన్30 ప్రోలో గొడవ ఇంకో రకం. స్టార్ట్‌తో పాటు బీ నొక్కి ఆన్ చేస్తే ఒక మోడ్, ఎక్స్ నొక్కితే ఇంకో మోడ్, వై నొక్కితే స్విచ్ మోడ్. మోడ్ మారితే పైకి అది కొత్త కంట్రోలర్ కిందే లెక్క. నమోదు చేసిన మోడ్‌లోనే ప్రతిసారీ ఆన్ చేయాలి.

ఎమ్యులేటర్ పేరు ఎల్‌ఆర్‌తో (lr-) మొదలుకాకపోతే అది రెట్రోఆర్క్ కిందికి రాదు, రీమ్యాప్‌లు దానికి వర్తించవు. ఆట మొదలయ్యే తెర మీద ఏదైనా బటన్ నొక్కితే వచ్చే మెనూలో ఆ పేరు కనిపిస్తుంది. విడిగా నడిచే పీపీఎస్ఎస్‌పీపీ (పీఎస్‌పీ ఎమ్యులేటర్) లాంటివాటిలో బటన్లు వాటి సొంత సెట్టింగుల్లోనే మార్చుకోవాలి.