190 ఎస్ఎల్ కొనాలా, పగోడా కొనాలా?

"పూర్తిగా రిస్టోర్ చేసినది" అంటూ జర్మనీలో అమ్మకానికి వచ్చే పాత మెర్సిడెస్ రోడ్‌స్టర్లలో (పైకప్పు తెరుచుకునే రెండు సీట్ల కార్లలో) తరచూ కంటపడేవి రెండు. ఒకటి 190 ఎస్ఎల్, రెండోది దాని తర్వాత వచ్చిన పగోడా. మంచి కండిషన్‌లో ఉంటే రెండిటి ధరా లక్ష యూరోలకు అటూ ఇటూగా ఉంటోంది. అంత డబ్బు చేతిలో పెట్టుకుని ఏది తీసుకోవాలని ఎవరైనా అడిగితే, నడపడానికైతే పగోడా అనే చెబుతాను. కళ్లకు మాత్రం నాకు 190 ఎస్ఎల్లే ఇష్టం.

1954 ఫిబ్రవరిలో న్యూయార్క్ షోలో 190 ఎస్ఎల్‌ని మెర్సిడెస్ పెద్ద స్పోర్ట్స్ కారు 300 ఎస్ఎల్ పక్కనే నిలబెట్టి చూపించారు. రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. పోలిక మాత్రం ముఖం వరకే. 190 కింద ఉన్నది మామూలు 180 పాంటన్ సెడాన్ ఫ్లోర్, దాన్నే కాస్త కురచ చేశారు. ఇంజిన్ 1.9 లీటర్, నాలుగు సిలిండర్లు, 105 హార్స్‌పవర్. వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 14 సెకన్లు దాటుతుంది, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. స్పోర్ట్స్ కారని ఆశపడి కొన్నవాళ్లకు పేరు గొప్ప, ఊరు దిబ్బ అనిపిస్తుంది. ఆదివారం సాయంత్రం ద్రాక్షతోటల మధ్య తాపీగా తిరగడానికి మాత్రం ఇంతకంటే అందమైన బండి దొరకదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1957లో హత్యకు గురైన కాల్‌గర్ల్ రోజ్‌మరీ నిట్రిబిట్ తిరిగింది నల్లరంగు 190 ఎస్ఎల్‌లోనే. ఆ కేసు ఇప్పటికీ తేలలేదు, ఈ కారు కనబడితే పెద్దవయసు జర్మన్లకు ఆమె గుర్తొస్తుంది.

పగోడా సంగతి వేరు. 1963 మార్చిలో జెనీవాలో 230 ఎస్ఎల్‌గా వచ్చింది. ఆరు సిలిండర్లు, 150 హార్స్‌పవర్, బాష్ ఫ్యూయల్ ఇంజెక్షన్, ముందు డిస్క్ బ్రేకులు. డిజైన్ గీసింది పాల్ బ్రాక్. మధ్యలో లోతుగా వంగిన హార్డ్‌టాప్ (తీసిపెట్టగల గట్టి కప్పు) వెనుక మెర్సిడెస్ ఇంజినీర్ బేలా బారెన్యీ ఆలోచన ఉంది, పగోడా అన్న పేరు ఆ టాప్ వల్లే వచ్చింది. గుద్దుకుంటే ముందూ వెనుకా నలిగి, మనుషులు కూర్చునే భాగం గట్టిగా నిలబడేలా కట్టిన కారు ఇది. ముద్దుగా ఉంది కదా అని తీసిపారేయకండి, వచ్చిన ఏడాదే ఓయిగెన్ బోరింగర్ దీంతో స్పా-సోఫియా-లియేజ్ ర్యాలీ గెలిచాడు. తర్వాత 250 వచ్చింది, ఆపైన 170 హార్స్‌పవర్ 280 ఎస్ఎల్. 1971 వరకు మూడూ కలిపి 48,912 కార్లు తయారయ్యాయి. 190 ఎస్ఎల్ 25,881 దగ్గర ఆగింది. ఒక లోటు చెప్పాలి: ఆటోబాన్ మీద 120 దాటితే పగోడా ఇంజిన్ గోల మొదలవుతుంది, పక్కవాళ్లతో గొంతు పెంచి మాట్లాడాలి.

ఇంతకీ రిస్టోర్ చేసిన కారులో మనం డబ్బు పెట్టేది మోడల్‌కి కాదు, ఎవరో చేసిన పనికి. రెండిటికీ పెద్ద శత్రువు తుప్పే. సిల్స్ (డోర్ల కింది పట్టీలు), ఫ్లోర్, జాక్ పెట్టే చోట్లు, హెడ్‌లైట్ల వెనుక భాగం, ఇవన్నీ లోపలి నుంచి తినేస్తుంది. పైన పటారం లోన లొటారం అన్నట్టు, పుట్టీ మీద పెయింట్ కొడితే రెండేళ్ల దాకా బయటపడదు. చాలామంది జేబులో అయస్కాంతం పెట్టుకుని వెళ్లి డోర్ మీద ఆనించి, అది అతుక్కోకపోతే పుట్టీ అని కంగారుపడతారు. ఈ రెండు కార్లలోనూ డోర్లు, బానెట్, డిక్కీ మూత అల్యూమినియం, అక్కడ అతుక్కోకపోవడమే సహజం. ఫెండర్ల మీద, సిల్స్ మీద ఆనించి చూడండి.

పగోడాలో ఇంకో గుర్తు ఉంది. దీని ముందు ఫెండర్లు బోల్టులతో బిగించినవి కావు, వెల్డ్ చేసినవి. బానెట్ ఎత్తి ఫెండర్ అంచు వెంబడి వేలు పోనివ్వండి. ఫ్యాక్టరీ స్పాట్ వెల్డ్ గుంటలు చిన్నగా, వరసగా తగులుతాయి. అక్కడ గాజులా నున్నగా ఉంటే, ఆ ఫెండర్ ఎప్పుడో మారిందన్నమాట. మారడం తప్పు కాదు, అమ్మేవాళ్లు ఆ మాట చెప్పకపోవడమే తప్పు. బానెట్ మీద, సాఫ్ట్‌టాప్ (మడిచే గుడ్డ కప్పు) ఫ్రేమ్ మీద కొట్టిన నంబర్లు బాడీ నంబర్‌తో కలుస్తున్నాయో చూడండి. కారు తయారైనప్పటి వివరాలుండే ఫ్యాక్టరీ డేటా కార్డ్ అడగండి. ఇంజిన్ నంబర్, అసలు రంగు అందులో ఉంటాయి. ఎరుపు బాగా అమ్ముడవుతుందని తెల్ల కారుకు ఎరుపు కొట్టినా ఆ కార్డు దగ్గర దొరికిపోతారు.

190 ఎస్ఎల్‌లో టెన్షన్ పెట్టేవి రెండు సోలెక్స్ కార్బ్యురేటర్లు. అరిగితే బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ నిలకడగా తిరగదు. ఆ తలనొప్పి భరించలేక వెబర్ కార్బ్యురేటర్లకు మారినవాళ్లు చాలామందే. బండి హాయిగా నడుస్తుంది, కానీ అసలు సోలెక్స్‌లు పెట్టెలో పెట్టి ఇవ్వకపోతే ధర తగ్గించమనాలి. పగోడా ఇంజెక్షన్ పంపు అంత మొండిది కాదు. పాడైతే మాత్రం తెలిసిన వర్క్‌షాపుకే పంపాలి, బిల్లు తడిసి మోపెడవుతుంది. చల్లటి ఇంజిన్‌ని మీ కళ్లముందే స్టార్ట్ చేయించండి. ముందే వేడెక్కిస్తే స్టార్టింగ్ ఇబ్బంది బయటపడదు, అందుకే మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి.

"కాలిఫోర్నియా" అని రాసిన పగోడా చూస్తే ఆగండి. దాంట్లో వెనుక చిన్న సీటు ఉంటుంది, ఆ సీటు కోసం సాఫ్ట్‌టాప్ వదిలేశారు. హార్డ్‌టాప్ గరాజ్‌లో పెట్టి బయల్దేరాక వాన వస్తే తడవాల్సిందే.

ఇక ట్యాక్స్ గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. జర్మనీలో పాతకాలపు కార్లకిచ్చే హెచ్ నంబర్ ప్లేట్ వస్తే రెండిటికీ ఏడాదికి ఒకటే, 191.73 యూరోలు.

ఆటోమేటిక్ 280 ఎస్ఎల్ అయితే భార్యాభర్తలిద్దరూ మార్చి మార్చి దూరప్రయాణాలు చేయొచ్చు, నా ఓటు దానికే. కానీ 190 ఎస్ఎల్ అమ్మే మనిషి పెయింటంతా గీకి ఉత్త లోహం బయటపెట్టిన రోజు నుంచి తీసిన ఫొటోలు, బిల్లులు ఫైల్ నిండా చూపిస్తే, 280 అమ్మే మనిషి "అంతా చేయించాం" అన్న ఒక్క మాటతో సరిపెడితే, నేనైతే నెమ్మదైన బండే తెచ్చుకుంటాను. రెండో ఆయన కారే కావాలనుకుంటే, పాత కార్ల కండిషన్‌కిచ్చే గ్రేడ్లలో అన్నిటికంటే మేలైన ఒకటో గ్రేడ్ ధర ఇవ్వకండి, మూడో గ్రేడ్ ధర దగ్గర బేరం మొదలుపెట్టండి.