మ్యూజియం గడప దాటని మిస్టరీ నవల

విజయవాడ ఏలూరు రోడ్డులోని ఒక పుస్తకాల దుకాణంలో వెనుక అట్ట మీది నాలుగు వాక్యాలు చదివి ఈ నవల కొన్నాను. కృష్ణ ఒడ్డున ఒక ఊహాత్మక మ్యూజియం, ప్రదర్శన మొదలయ్యే ముందు రాత్రి మాయమైన అమరావతి శిల్పఫలకం, స్టోర్ గదిలో కాపలాదారు శవం. 1887లో శంకుస్థాపన జరిగి ఇప్పుడు బాపు మ్యూజియంగా పిలుస్తున్న బందరు రోడ్డు భవనంలో, అల్లూరు బుద్ధుడి రాతి విగ్రహం ఎదుట నిలబడుతూ పెరిగిన నాకు ఆశ కలగడానికి ఆ మాత్రం చాలు.

మొదటి రెండు అధ్యాయాలు ఆ ఆశను నిలబెట్టాయి. మూడో అధ్యాయంలో దొంగ ఆ ఫలకాన్ని భుజాన సంచిలో వేసుకుని గోడ దూకుతాడు. అమరావతి శిల్పాలను పాలరాతివని అనడం వాడుకే గాని, నిజానికి అవి సున్నపురాతివి. మీటరు పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల మందం అని రచయితే ఇచ్చిన కొలతల ప్రకారం ఆ ఫలకం 150 కిలోలకు తగ్గదు. దాన్ని ఎవరు, ఎందరు, ఎలా కదిలించారన్నదే కథకు ప్రాణం కావలసిన ప్రశ్న కాబట్టి దీన్ని చిన్న పొరపాటుగా వదిలేయలేకపోయాను.

మ్యూజియంలో ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య, రిజిస్టరులో దాని కొలతలు, అది ఎక్కడ దొరికిందన్న వివరం ఉంటాయి. ఈ నవలలోని పరిశోధకుడు ఆ రిజిస్టరును ఒక్కసారి కూడా తెరవడు. నూరేళ్లు దాటిన శిల్పాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం నిషేధించింది కనుక దొంగకు రాయితో పాటు దొంగ కాగితాలూ కావాలి. ఆ ఊసే లేదు.

అన్నిటికన్నా నన్ను బాధించింది శాతవాహనుల సీసపు నాణేల సంగతి. అవి దశాబ్దాలుగా ఒక చెక్క బీరువాలో ఉన్నాయని రచయిత రాశారు. చెక్క నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తినేసి తెల్లని పొడి చేస్తుంది. అంటే, తెల్లబడిన నాణేల మధ్య ఒక్కటి మాత్రం శుభ్రంగా కనిపిస్తే, అది ఈమధ్యే ఎవరో మార్చి పెట్టినదన్న అనుమానం తలెత్తాలి. ఎంత చక్కని ఆధారం! ఆ సొరుగు ఎప్పుడు తెరుస్తారా అని చివరిదాకా ఎదురుచూశాను, తెరవలేదు.

హంతకుడు చివరి అధ్యాయానికి ముందుదానిలో తొలిసారి కనిపించి, అడగకముందే నేరం ఒప్పుకుంటాడు. పాఠకుడు ఊహించడానికి ముందు ఒక్క జాడ అయినా వదలకపోవడం ఈ తరహా నవలలో క్షమించలేని లోపం.

సంభాషణల్లో కృష్ణా జిల్లా నుడికారం మాత్రం సహజంగా ఉంది. కాపలాదారు భార్య తెల్లవారుజామున టిఫిన్ క్యారియరుతో గేటు దగ్గర నిలబడి, లోపలి నుంచి ఎవరూ రాకపోవడం చూసే ఆ రెండు పేజీల కోసమే ఈ పుస్తకాన్ని పాత పుస్తకాల వాళ్లకు ఇవ్వకుండా ఉంచుకున్నాను.