బడిలో ఏడిపిస్తున్నారా? 1098 ఎంతవరకు పనికొస్తుందంటే

పిల్లల సహాయ నంబరు (చైల్డ్‌లైన్) 1098కి ఫోన్ చేస్తే డబ్బు పడదు, రాత్రనీ పగలనీ లేదు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు ఎవరైనా నేరుగా మాట్లాడొచ్చు, పెద్దలూ చేయొచ్చు. ఇంతవరకు వంక పెట్టడానికి ఏమీ లేదు. ఏ సంగతికి చేయాలి, చేసి ఏం చెప్పాలి అన్న దగ్గరే అందరూ బోర్లా పడేది.

1996లో ముంబైలో మొదలైన ఈ సేవను చాలా ఏళ్లు స్వచ్ఛంద సంస్థలు నడిపాయి. 2023 నుంచి పిల్లల రక్షణకున్న మిషన్ వాత్సల్య పథకం కింద ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుని, అత్యవసర నంబరు 112తో కలిపింది. అపాయం ఉన్న కేసు 112కి పోతుంది, మిగతావి జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వస్తాయి. కాబట్టి మొదటి నిమిషంలో మీరు చెప్పే మాటలే కేసు ఎటు పోవాలో తేలుస్తాయి.

"మా పిల్లోణ్ని బడిలో ఏడిపిస్తాండారు సార్" అంటే చాలదు. పిల్లవాడి వయసు, తరగతి, సెక్షన్, బడి పేరు, మండలం చెప్పాలి. ఎవరు, ఎన్నాళ్ల నుంచి, ఎక్కడ (బస్సులోనా, మరుగుదొడ్ల దగ్గరా, హాస్టల్లో అన్నం తినేచోటా) అన్నదీ చెప్పాలి. కాగితం మీద రాసిపెట్టుకుని చేయండి. జిల్లా పేరు దగ్గర మరీ జాగ్రత్త. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు విడగొట్టిన 2022 ఏప్రిల్ నుంచి కదిరి, హిందూపురం, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. డోన్, బనగానపల్లె నంద్యాలలో ఉన్నాయి. పాత అలవాటుగా అనంతపురమనో కర్నూలనో చెబితే ఫిర్యాదు పక్క జిల్లాకు చేరి తిరుగుతుంది. ఫోన్ పెట్టేసే ముందు ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి.

ఈ సేవలో పెద్ద చిక్కు ఫోన్లో ఉండదు, ఆ తర్వాత వస్తుంది. సిబ్బంది నేరుగా తరగతికొచ్చి పిల్లవాణ్ని పేరు పెట్టి పిలిస్తే, మధ్యాహ్నానికల్లా బడంతా వాడికి "చాడీలోడు" అని పేరు పెడుతుంది. అంతకుముందు ఇద్దరు ఎక్కిరిస్తుంటే ఇక ఇరవై మంది. అందుకే "పిల్లవాణ్ని ఇంటి దగ్గరే కలవండి, బడిలో పేరు బయటపెట్టొద్దు" అని ముందే అడగాలి. అడగకపోతే ఎవరికీ తట్టదు.

కొట్టడం, డబ్బులు గుంజడం, బట్టలిప్పించడం, ఫోటోలు తీసి బెదిరించడం లాంటివాటికి 1098 సరైన చోటు. పొట్టోడా నల్లోడా అనడం, కబడ్డీలో కలుపుకోకపోవడం లాంటివి క్లాస్ అయివారితో మొదలుపెట్టాలి. తేదీ వేసి రెండు కాగితాలు రాసి, ఒకటిచ్చి, రెండోదాని మీద అందిందని సంతకం తీసుకోండి. నోటిమాట ఎవరికీ గుర్తుండదు. అయివార్లే కించపరుస్తుంటే ఫిర్యాదులో విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ అని రాయండి. అది కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. ర్యాగింగ్ అనగానే కొందరు యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నంబరు వెతుకుతారు. అది కాలేజీలకు, బడిపిల్లలకు కాదు. పిల్లవాడు నిద్రపోక, బడి పేరెత్తితే వణుకుతుంటే మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలి మానస్ 14416 ఉంది. చచ్చిపోతానంటే మాత్రం వాణ్ని ఒంటరిగా వదలకుండా వెంటనే 112.

ఏ నంబరూ చేయలేని పని ఒకటుంది: స్నేహితుణ్ని తెచ్చివ్వడం. కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని వైపు అమ్మానాన్నలతో గుంటూరు మిరపకోతకు పోయి చదువు నడిమధ్యలో తిరిగొచ్చే పిల్లలకు ఇదే అసలు బాధ. పాఠాలు దాటిపోయి ఉంటాయి, బెంచీలో చోటు పోయి ఉంటుంది. "అందరూ వీడితో కలవండి" అని తరగతిలో ప్రకటిస్తే ఇంకా దూరం జరుగుతారు. అదే వీధి నుంచి వచ్చే ఒక్కణ్ని చూసి పక్కన కూర్చోబెట్టి, నోటుబుక్కులు పంచడం లాంటి పని ఇద్దరికీ కలిపి ఇవ్వమని అయివారిని అడగండి. రెండు వారాలు చూడండి. ఇంటికొచ్చాక "ఎవరైనా కొట్టినారా?" అని అడిగితే లేదనే అంటాడు. "పగలు అన్నం ఎవరితో తింటివి?" అని అడగండి.